సత్తెమ్మ నాలుకకు తగిన నీళ్లు

సగం రోజు కడగడమే

ముందే చెబుతున్నాను, ఈ ఉద్యోగంలో సగం రోజు గాజు సామాను కడగడానికే పోతుంది. మిగిలిన సగంలో సగం, కడిగినవి ఆరాయా లేదా అని చూసుకోవడానికి పోతుంది. ఎమ్మెస్సీ పూర్తిచేసి మా ల్యాబుకు వచ్చిన పిల్లలు మొదటి వారంలోనే మొహం మాడ్చుకునేవారు. "మేడమ్, దీనికా మేం చదివింది?" అని ఒకమ్మాయి నా మొహం మీదే అడిగేసింది. దీనికే తల్లీ, అన్నాను.

నేను ఇరవై ఎనిమిదేళ్లు మొక్కల నుంచి సారం తీశాను. వేపాకు, కరక్కాయ, ఉసిరి, దానిమ్మ తొక్క, ఏది చేతికిస్తే దానిలోంచి. ఎల్‌బీ నగర్‌లో ఒక చిన్న కంపెనీ. పేరు రాయను, అది ఎప్పుడో మూతపడింది. నాకెన్ని ప్రమోషన్లు వచ్చాయో మీకు అక్కర్లేదు, వచ్చినవీ తక్కువే.

పని ఏమిటంటే, టీ పొడిలో వేడినీళ్లు పోస్తే రంగూ రుచీ దిగుతాయి కదా, అదే. నీళ్లకు లొంగని వాటిని మిథనాల్‌తోనో మరో స్పిరిట్‌తోనో దింపుతాం. దింపాక ఆ స్పిరిట్‌ను ఆవిరిగా లాగేయాలి, చుక్క మిగలకూడదు. మిథనాల్ కడుపులోకి పోతే ముందు కళ్లను తీస్తుంది. లాగేశామని అనుకోవడం వేరు, నిజంగా లాగేయడం వేరు. నేను ఒకసారి అనుకుని ఊరుకున్నాను. ఇది ఆ సంగతి.

పుక్కిలి

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. పొద్దున బస్సు ఎక్కితే సాయంత్రం అదే బస్సు దొరుకుతుందన్న నమ్మకం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇల్లు, మాది తెనాలి వైపు. బస్సులో నోరు తెరిచేదాన్ని కాదు, యాస బయటపడుతుందని. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, అది కూడా రాయాలి. భయం నాదే.

అప్పుడు మా ఎండీ ప్రసాదరావుగారికి ఒక ఆర్డరు వచ్చింది. పోచంపల్లి వైపు మగ్గాలున్న ఒకాయన, కెమికల్ రంగు కాకుండా చెట్టు రంగుతో నూలు కావాలన్నాడు. లేత పసుపు, వంద చిలపలకీ, అంటే నూలు చుట్టలకీ, ఒకే ఛాయ. దానిమ్మ తొక్కను కాగులో కాస్తే పసుపు వస్తుంది, కానీ ఈరోజు వచ్చిన ఛాయ రేపు రాదు. తొక్కల సారం చిక్కగా, ఎప్పుడూ ఒకే బలంతో తీసిస్తే సరిపోతుందని మా లెక్క. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు పక్కన జ్యూసు బండ్ల దగ్గర తొక్కలు బస్తాలకొద్దీ దొరికేవి.

రంగు అద్దే మనిషి సత్తెమ్మ. అరవై దాటింది. పోచంపల్లి నుంచి కొడుకు వెంట సరూర్‌నగర్ వచ్చి కిరాయి ఇంట్లో ఉండేది. కొడుకు చీరల షాపులో పని. కోడలు అనిత ఇంటిపనీ రంగుపనీ రెండూ చూసుకునేది. వెనక పెరట్లో రెండు కాగులు, ఆరేయడానికి తాళ్లు, అంతే ఆమె కార్ఖానా.

మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె పని చూసి నవ్వాపుకోలేకపోయాను. కాగులోంచి గరిటెడు తీసి చల్లార్చి నోట్లో పోసుకుంది. కళ్లు మూసుకుని బుగ్గల్లో అటూ ఇటూ తిప్పి ఊసింది.

"ఏంటి పెద్దమ్మా, పప్పుచారా అది?" అన్నాను.

"నవ్వకు బిడ్డా. వగరు నాలికను ఎంత గట్టిగ పట్టుకుంటే నూలును గూడ గంత గట్టిగ పట్టుకుంటది. మా అత్త గిట్లనే చూసేది."

తొక్కలో రంగునిచ్చేది వగరే కాబట్టి ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు కెమిస్ట్రీ. నేను మురిసిపోయాను, ల్యాబుకు వచ్చి అందరికీ చెప్పాను. మా సీసాలనూ ఈమె ఇలాగే రుచి చూస్తుందన్న ఆలోచన మాత్రం నాకు తట్టలేదు. ల్యాబులో దేన్నీ నోట్లో పెట్టకూడదని మాకు మొదటిరోజే నేర్పుతారు. లోకమంతా ఆ పాఠం విన్నదే అన్నట్టు బతికేస్తాం.

మజ్జిగ

మూడో విడత సారం కూడా మిథనాల్‌తోనే తీశాం. స్పిరిట్ లాగుతుండగా, మధ్యాహ్నం నుంచి బస్సులు ఆపేస్తున్నారని కబురొచ్చింది. పని మూడోవంతు మిగిలే ఉంది. మిషన్ ఆపి, ఉన్నదాన్ని సీసాలో పోసి, "దానిమ్మ-3" అని చీటీ అంటించి పరుగెత్తాను. "పూర్తి కాలేదు" అన్న రెండు మాటలు రాయలేదు. మర్నాడు నేను వెళ్లేసరికి సీసా లేదు. ఆర్డరు తొందరలో ప్రసాదరావుగారు అప్పటికే సరూర్‌నగర్ పంపించేశారు.

సత్తెమ్మకు ఆ రుచి కొత్తగా ఉంది. వగరు సరిగా అందలేదు. అందక, మళ్లీ మళ్లీ పోసుకుంది. కొంత ఊసింది, కొంత గొంతు దిగింది.

సాయంత్రం అనిత ఫోన్ చేసింది. "మేడమ్, అత్తమ్మకు కక్కుడు ఆగుతలేదు. తల పగిలిపోతున్నదంటున్నది. గా సీసల ఏమన్న కలిపిండ్రా?"

నాకు ఆ క్షణంలోనే తెలిసింది. అనుమానం కాదు, తెలిసింది. మీరు అడిగే ముందే చెబుతున్నా, ప్రసాదరావుగారు పక్కనే ఉన్నారు. చేయి అడ్డంగా ఊపారు. "రంగుకని ఇస్తే తాగితే మనమేం చేస్తాం? ఏమీ లేదని చెప్పండి విజయగారూ" అని గొణిగారు. ఆయన చెడ్డమనిషి కాదు, ఉత్త పిరికి. ఆ సాయంత్రం నేను ఆయన కంటే పిరికిదాన్ని, ఎందుకంటే తెలిసింది నాకు.

"ఏమీ లేదమ్మా, వేడి చేసి ఉంటుంది. మజ్జిగ ఇవ్వు" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఆ ఇంట్లోవాళ్లకు ఒక్కసారి తప్ప, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పకుండా పక్కకు నెట్టుకుంటూ వచ్చిన మాట ఇది.

పొద్దున ఏడింటికి నేనే ఫోన్ చేశాను. కళ్ల ముందు సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపిస్తోందంటే ఎల్‌బీ నగర్‌లో దవాఖానకు తీసుకుపోయామని అనిత చెప్పింది. ఆరోజు బంద్. చెప్పులు వేసుకుని నడక మొదలుపెట్టాను. కొత్తపేట దాటాక రోడ్డు మీద తాళ్లు కట్టి, పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒకామె గరిట పట్టుకునే అడ్డం వచ్చింది. "యాడికి పోతున్నవ్ అక్కా, ఈయాల బంద్ గదా?" అంది.

"ఆసుపత్రికండీ. ఒకావిడ ప్రాణం మీదికి తెచ్చాను" అన్నాను. నా యాస ఆమెకు వినబడే ఉంటుంది. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి తాడు పైకెత్తింది. "దవాఖానకైతే జల్ది పో. ఇగో, గీ నీళ్లు తాగి పో" అని చెంబు ఇచ్చింది. ఆ చెంబు పట్టుకుని నడిరోడ్డు మీద ఏడ్చేశాను.

డాక్టరుకు అంతా చెప్పాను. ఏ స్పిరిట్, సుమారు ఎంత, ఎన్నింటికి. ఆయన నా మీద అరవలేదు. "రాత్రే తెలిసుంటే బాగుండేది" అని మాత్రం అని లోపలికి పరుగెత్తాడు. సత్తెమ్మ బతికింది. మనుషులను పోల్చుకోగలిగింది, తన పనులు తాను చేసుకోగలిగింది. రంగులు మాత్రం తిరిగి రాలేదు. లేత పసుపుకీ తెలుపుకీ తేడా తెలియని చూపు మిగిలింది. ఆ తేడా మీదే ఆమె నలభై ఏళ్లు బతికింది.

సీసాలో స్పిరిట్ ఉందని డాక్టరు ఇంట్లోవాళ్లకు చెప్పాడు. పొరపాటున మిగిలిందని వాళ్లు అనుకున్నారు. సాయంత్రం ఫోన్లోనే నాకు తెలుసన్న సంగతి అప్పటికి ప్రసాదరావుగారికి తప్ప ఎవరికీ తెలియదు.

గట్టి మూత

ఇప్పుడు ఆమెకు మిగిలింది నాలుక. మా సీసాలు ఆ నాలుకకు విషం. నాకు వేరే దారి కనిపించలేదు. ఆమె నోట్లో పోసుకున్నా ఏమీ కాని సారం తీయాలి, అదీ వంద చిలపలకు ఒకే బలంతో. అంటే నీళ్లతోనే.

పాత సైన్సు పత్రికలు తిరగేస్తుంటే ఈ పద్ధతి కనిపించింది. నీళ్లు మామూలుగా నూరు డిగ్రీల దగ్గర మరిగి ఆవిరైపోతాయి. గట్టి మూత బిగించి ఒత్తిడిలో ఉంచితే నూట ఇరవైకీ, నూట యాభైకీ పోయినా నీళ్లుగానే ఉంటాయి. అంత వేడిలో నీళ్ల గుణం మారిపోతుంది. మామూలుగా స్పిరిట్‌కు మాత్రమే లొంగేవాటిని కూడా దింపేస్తాయి. చల్లార్చాక మళ్లీ అవి ఉత్త నీళ్లే. లాగేయాల్సిన స్పిరిట్ లేదు, మోరీలో పారబోయాల్సిన విషం లేదు. మన ప్రెషర్ కుక్కర్‌కు ఇంకాస్త మొండి అక్క అనుకోండి.

"నీళ్లతో కషాయం కాచుకోడానికా మీకు జీతం?" అన్నారు ప్రసాదరావుగారు.

"ఆ సాయంత్రం మీరేం చెప్పమన్నారో నేను ఎవరితోనూ అనను సార్. నాకు తెలుసని మీరూ అనకండి. పాత్ర చేయించుకోడానికి ఒప్పుకోండి, చాలు" అన్నాను. ఆయన తల దించుకుని సంతకం పెట్టారు. ఆ సంతకానికి మాత్రం ఆయనకు ఎప్పుడూ రుణపడి ఉంటాను.

పాత్ర చేసింది ఆటోనగర్‌లో జహంగీర్ భాయ్. లారీ ట్యాంకులకు వెల్డింగ్ చేసే మనిషి. నా బొమ్మ చూసి పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు. "మేడమ్, గిది కుక్కర్ గాదు, బాంబు" అన్నాడు. ఒక సేఫ్టీ వాల్వు చాలంటే రెండు పెట్టాడు. ముందు చన్నీళ్లు నింపి, మేం వాడబోయే దానికంటే ఎక్కువ ఒత్తిడి ఎక్కించి, ఒక రోజంతా ఉంచి చూస్తే గానీ ఇవ్వనన్నాడు. తొందరపెడితే, "నీకు జల్ది ఉంటే ఇంకోనితోని చేపిచ్చుకో" అన్నాడు. చదువుకున్న నేను తొందరపడ్డాను, చదువుకోని ఆయన ఆగాడు. ల్యాబుల్లోకి వచ్చే పిల్లలూ, పాత్ర చల్లారకుండా మూత విప్పొద్దు. లోపల ఉన్నవి నీళ్లే కదా అనుకోవద్దు. ఒత్తిడి పోయిన మరుక్షణం అవి ఆవిరై మొహం మీదికి వస్తాయి.

మొదటి సీసా సిద్ధమయ్యాక సరూర్‌నగర్ వెళ్లాను. సత్తెమ్మ పెరట్లో కూర్చుని చేతులతో తడుముతూ చిలపలు మడుస్తోంది. నేను గ్లాసులో సారం పోసి ముందు నేను తాగాను.

"నువ్వెందుకు తాగుతున్నవ్ బిడ్డా?"

చెప్పేశాను. చీటీ మీద రాయని మాట, అనిత ఫోను, మజ్జిగ, అప్పటికే నాకు తెలుసన్నది, అన్నీ. అనిత తలుపు పట్టుకుని నిలబడిపోయింది. సత్తెమ్మ చేతులు ఆగాయి. ఒడిలోని చిలపను పక్కన పెట్టింది.

"ఇంటికి పో బిడ్డా" అంది చివరికి. కోపంగా కూడా అనలేదు. సీసా అక్కడే పెట్టి వచ్చేశాను. దారి పొడుగునా ఆ గొంతే వినబడింది.

మాడు

నెల దాటాక అనిత ఫోన్ చేసింది. "అత్తమ్మ గా నీళ్ల రంగు తెమ్మంటున్నది. మీరే తేవాల్నంట."

ఇక్కడ నా రెండో తప్పు చెప్పాలి. వేడి పెంచేకొద్దీ సారం తూకం పెరుగుతూ వచ్చింది. నూట ఇరవై కంటే నూట యాభై, దాని కంటే నూట ఎనభై. తూకం పెరిగితే సరుకు మంచిదనుకుని, నూట ఎనభైది తీసుకుని గర్వంగా వెళ్లాను. సత్తెమ్మ నోట్లో పోసుకుని వెంటనే ఊసేసింది.

"మాడ్చినవ్. బెల్లం పాకం ముదిరినట్టున్నది. గీ దాంట్ల వగరే లేదు."

తర్వాత ల్యాబులో పరీక్ష మిషన్ మీద చూస్తే నిజమే. రంగు పట్టించే వగరు విరిగిపోయింది, చక్కెరలు మాడాయి, ఆ మాడే తూకంలో కలిసింది. నా త్రాసు రెండు వారాల్లో చెప్పనిది ఆమె ఒక్క పుక్కిలిలో చెప్పింది. నూట ఇరవై దగ్గర, ఇరవై నిమిషాలు. అక్కడ ఆమె కళ్లు మూసుకుని తలూపింది. "ఆఁ, గిది పట్టుకున్నది" అంది. "మా అత్త కాగుల కాసేది గిదే గదా, ఏం కొత్త?" అని కూడా అంది. మూత గట్టిది పెద్దమ్మా, అంతే తేడా, అన్నాను. నాతో ఆమె మాట్లాడినందుకే నాకు కడుపు నిండిపోయింది.

రంగు పేర్లు

సారం కుదిరినా ఛాయ చూసే కళ్లు కావాలి. "ఆదివారాలు నువ్వొచ్చి కూసో. చిలప చూసి ఏం రంగో చెప్పు" అంది. నేను "లేత పసుపు" అంటే ఒప్పుకునేది కాదు. పసుపుల్లో ఆమెకు పది పేర్లున్నాయి. మొక్కజొన్న గింజ, పచ్చి మామిడి లోపలి రంగు, తంగేడు పువ్వు, నానిన పెసరపప్పు. అవన్నీ ఆమె దగ్గర కూర్చుని చిన్నపిల్లలా నేర్చుకున్నాను.

కానీ నేను చెప్పాక ప్రతిసారీ వెనక్కి తిరిగి, "అవునా అనితా?" అని అడిగేది. అనిత "అవును అత్తమ్మా" అంటే గానీ చిలప తాడు మీదికి పోయేది కాదు. నాకు కోపం రాలేదు. ఆ ప్రశ్న అడిగే హక్కు ఆమెకు నేనే ఇచ్చాను.

ఆర్డరులో చివరి పన్నెండు చిలపలు మిగిలిన ఆదివారం. సాయంత్రానికి సరుకు పోవాలి. మళ్లీ ఏదో బంద్ పిలుపు ఉంది, రేపైతే బండి రాదు. నేను వెళ్లేసరికి అనిత చిలపలు ఉతికి పిండి పెట్టింది. ఒకటి వెలుతురుకు పట్టుకుని చూశాను. పసుపు మీద బూడిద చల్లినట్టు మాసిపోయి ఉంది. ఆరోజు నల్లాలో మంచినీళ్లు రాలేదు, పాపం ఆ పిల్ల బోరు నీళ్లలో ఉతికింది. బోరు నీళ్లలో ఇనుము ఉంటుంది, ఇనుము ఈ వగరును తాకితే నల్లబడుతుంది. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పాల్సింది నేను.

"ఏం రంగు బిడ్డా?" అంది సత్తెమ్మ.

ఆమె వెనక నిలబడి అనిత నాకు రెండు చేతులూ జోడించింది. కళ్లనిండా నీళ్లు. చెప్పొద్దని. మగ్గాలాయన తేడా గమనించకపోనూ వచ్చు. ముసలామె ఆ వారమంతా ఎండలో కష్టపడింది. "బాగానే ఉంది" అన్న మాట నా నాలుక చివర తయారుగా ఉంది. నాకు అది అలవాటున్న మాటే.

"ఏంది, సప్పుడు చేస్తలేవ్?"

"మాసింది పెద్దమ్మా" అన్నాను. "పన్నెండూ. బోరు నీళ్లు తగిలాయి. ఇనుము గురించి అనితకు నేను చెప్పలేదు, తప్పు నాది."

అనిత నేల మీద కూలబడింది. సత్తెమ్మ చిలపను చేతిలోకి తీసుకుని కాసేపు నిమిరింది. కోడలి వైపు చేయి చాపి తల మీద పెట్టింది. "ఏడ్వకు. గిప్పుడే తెలిసింది గదా, నయమైంది. గవిటిని ఇనుప నీళ్లల్ల ముంచి పూరాగ బూడిద రంగు చేద్దాం, అంచులకు పనికొస్తయ్. ఇంట్ల ఇంక నూలున్నది. బిందెల తాగే నీళ్లు ఎన్నున్నయ్?" అని అడిగింది.

పక్కిళ్ల నుంచి కూడా బిందెలు తెచ్చాం. ఇంటి ఓనరమ్మ తన డ్రమ్ము ఇచ్చింది. మిగిలిన సారమంతా కాగులో పోశాం. సత్తెమ్మ పుక్కిలించి చూసి, పటిక వేయమంది. నాలుగు దాటాక మొదటి చిలప తీసి, పిండి, నా చేతిలో పెట్టింది.

"చెప్పు."

గోడ మీద పడుతున్న ఎండకు ఎత్తి పట్టి చూశాను. తొందరపడలేదు. రెండో వైపు తిప్పి కూడా చూశాను.

"మొక్కజొన్న గింజ" అన్నాను. "లేతది. పాలు పట్టినప్పటిది."

సత్తెమ్మ వెనక్కి తిరగలేదు. అనితను ఏమీ అడగలేదు. నా చేతిలోంచి చిలప తీసుకుని, దులిపి, తాడు మీద ఆరేసింది.